జ్వరం తగ్గిన రోజే ఎందుకు జాగ్రత్త: వానకాలపు రోగాల దారులు, శరీరం చేసే పోరు

నాట్లు ముగిసి పొలాలు పచ్చబడే రోజుల్లో, శ్రావణం దాటి భాద్రపదం వచ్చేసరికి, వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి ఓపీ ముందు వరుసల్లో జ్వరంతో వచ్చినవారే ఎక్కువగా కనిపిస్తారు. ములుగు, భూపాలపల్లి ఏజెన్సీ ఊళ్ల నుంచి, మహబూబాబాద్ తండాల నుంచి, హనుమకొండ కాలనీల నుంచి వచ్చిన వాళ్లందరూ చెప్పే బాధ దాదాపు ఒక్కటే: ఒళ్లు కాలుతోంది, తల పగిలిపోతోంది, కాళ్లూ చేతులూ పీకుతున్నాయి. బాధ ఒక్కటైనంత మాత్రాన రోగం ఒక్కటి కాదు. ఆ వరుసలో ఒకరిది డెంగీ, వెనకవారిది మలేరియా, ఆ పక్కవారిది టైఫాయిడ్, ఇంకొకరిది వారంలో దానంతట అదే పోయే మామూలు వైరల్ జ్వరం కావచ్చు. ఒక్కో సూక్ష్మజీవి ఒక్కో దారిన ఒంట్లోకి వస్తుంది; శరీరం దాన్ని గుర్తుపట్టి, ఆయుధాలు తయారుచేసుకుని, బయటికి నెట్టడానికి కొన్ని నిర్దిష్టమైన రోజులు పడతాయి. ఏ రోజు ఏ పరీక్ష చేయించాలో, ఏ రోజు నిశ్చింతగా ఉండవచ్చో, ఏ రోజు కంటికి రెప్పలా కాచుకోవాలో ఆ రోజుల లెక్కే చెబుతుంది. మన దగ్గర కాపాడగలిగిన ప్రాణాలు పోతున్నది చాలావరకు ఈ లెక్క తప్పడం వల్లనేనని నా నమ్మకం.

దోమ పట్టే దారి

డెంగీని మోసే ఏడిస్ ఈజిప్టై దోమ మురికి కాలువల్లో పుట్టదు. మనం వాడుకోవడానికి పట్టిపెట్టుకున్న నీళ్లే దానికి కావాలి. నల్లా రెండు రోజులకోసారి వచ్చే ఇళ్లలో సిమెంటు గోలెం, హౌజు, ప్లాస్టిక్ డ్రమ్ము ఎప్పుడూ నిండుగానే ఉంటాయి. ఎండలు పోయాక మూలకు నెట్టేసిన కూలర్ అడుగున, మేడ మీద పడేసిన పాత టైరులో, ఫ్రిజ్ వెనక ట్రేలో వేలెడు నీళ్లు చేరినా చాలు. ఆడదోమ గుడ్లను నీటిలో వదలదు, నీటి మట్టానికి కాస్త పైన తడిగా ఉన్న గోడకు అంటిస్తుంది. అందుకే గోలెంలో నీళ్లు పారబోసి మళ్లీ నింపితే పని అయిపోయిందనుకోవడం పొరపాటు. ఆ గోడకు అంటుకున్న నల్లటి చుక్కల్లాంటి గుడ్లు నీరు లేకుండా నెలల తరబడి ఎండిపోయి ఉండి, మళ్లీ తడి తగలగానే పొదుగుతాయి. కొబ్బరి పీచుతోనో బ్రష్షుతోనో లోపలి గోడను గట్టిగా తోమి కడిగితేనే అవి పోతాయి. పొదిగిన గుడ్డు నుంచి ఎగిరే దోమ రావడానికి వారం, పది రోజులు పడుతుంది కాబట్టే వారానికోసారి ‘డ్రై డే’ (నీటి పాత్రలన్నీ ఖాళీ చేసి ఆరబెట్టే రోజు) పాటించమని ఆశా కార్యకర్తలు, పంచాయతీ సిబ్బంది ఇల్లిల్లూ తిరిగి చెబుతున్నారు. బల్దియా వాళ్లు సాయంత్రం కొట్టే పొగ ఆ క్షణంలో ఎగురుతున్న దోమలను మాత్రమే చంపుతుంది; గోలెం గోడ మీది గుడ్లకు, నీటిలో గిలగిలలాడే లార్వాకు దానివల్ల ఏమీ కాదు. పొగ కొట్టడమే దోమల నివారణ అన్న భావన జనంలోనూ పాలకుల్లోనూ నాటుకుపోవడం విచారకరం.

ఇక్కడ మరో లెక్క ఉంది. డెంగీ రోగిని కుట్టిన దోమ వెంటనే మరొకరికి రోగం అంటించలేదు. వైరస్ దాని కడుపులో పెరిగి, లాలాజల గ్రంథుల దాకా చేరడానికి సుమారు 8 నుంచి 12 రోజులు పడుతుంది. ఆ తర్వాత ఆ దోమ బతికినంత కాలం వైరస్‌ను మోస్తూనే ఉంటుంది. అది కుట్టిన మనిషికి జ్వరం బయటపడటానికి మళ్లీ 4 నుంచి 10 రోజులు. ఒక వీధిలో మొదటి కేసుకూ ఆ కేసు నుంచి పుట్టిన రెండో కేసుకూ మధ్య రెండు మూడు వారాల ఎడం ఉండేది ఇందువల్లనే. ఈ ఎడంలో వీధి ప్రశాంతంగా కనిపిస్తుంది, అందరూ మరిచిపోతారు, అంతలో ఒకేసారి నాలుగైదు ఇళ్లలో మంచాలు పడతాయి. ఏడిస్ పగటిపూట, ముఖ్యంగా పొద్దెక్కే వేళ, మునిమాపు వేళ కుడుతుంది. పుట్టిన చోటు నుంచి ఎక్కువ దూరం పోదు. రోగి రక్తంలో వైరస్ ఎక్కువగా ఉండేది జ్వరం మొదలైన తొలి ఐదు రోజుల్లో. దోమతెరను రాత్రికే పరిమితం చేయకుండా, ఆ ఐదు రోజులు పట్టపగలు కూడా రోగి మంచానికి కట్టాలని వైద్యులు చెప్పేది చుట్టుపక్కల వారి కోసం.

మలేరియా దోమ అనాఫిలిస్ నడక దీనికి పూర్తిగా భిన్నం. అది రాత్రిపూట కుడుతుంది. వాగుల పక్క గుంటల్లో, నెమ్మదిగా కదిలే నీటిలో పెరుగుతుంది. మలేరియా క్రిమి దోమ కడుపులో పెరుగుతుందన్న సత్యం మన నేల మీదే బయటపడింది: 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ అనాఫిలిస్ దోమ కడుపు గోడలో ఆ క్రిమిని చూశాడు. ఏటూరునాగారం, తాడ్వాయి అడవి ఊళ్లలో మందు పూసిన దోమతెరలు పంచడానికి, ఇళ్ల గోడలకు మందు కొట్టడానికి మూలం ఆనాటి ఆ పరిశీలనే. ఇక మురికి కాలువల్లో పుట్టే క్యూలెక్స్ దోమ మోసేది బోదకాలు పురుగు. దాని సూక్ష్మమైన పిల్లలు పగలంతా ఊపిరితిత్తుల లోతుల్లోని రక్తనాళాల్లో దాగి, తమను మోసే దోమ కుట్టే వేళకే, అంటే రాత్రివేళ, చర్మం దగ్గరి రక్తంలోకి వస్తాయి. ఆరోగ్య సిబ్బంది రాత్రిపూట ఇళ్లకు వచ్చి వేలి నుంచి రక్తపు చుక్క తీసుకుంటే విసుక్కునే వారికి ఈ సంగతి తెలిస్తే బాగుంటుంది.

నీరు, గాలి

నీటి ద్వారా వచ్చే రోగాల్లో అన్నీ ఒకే మోతాదుతో అంటవు. ఆరోగ్యంగా ఉన్న మనిషి కడుపులోని ఆమ్లం ఎక్కువ భాగం కలరా క్రిములను చంపేస్తుంది కాబట్టి కలరా రావడానికి సాధారణంగా లక్షల కొద్దీ క్రిములు లోపలికి పోవాలి. రక్తవిరేచనాలు తెచ్చే షిగెల్లాకు పదుల సంఖ్యలో పోయినా చాలు. అంటే షిగెల్లా అంటడానికి కలుషితమైన చెరువు అక్కర్లేదు, కడుక్కోని చేయి సరిపోతుంది. రెండేళ్లకోసారి మాఘమాసంలో మేడారంలో లక్షలాది మంది ఒక్కచోట చేరి జంపన్నవాగులో స్నానాలు చేసే నాలుగు రోజులూ తాగునీటిలో క్లోరిన్ చూడటం, తాత్కాలిక మరుగుదొడ్లు కట్టడం వైద్య శిబిరాలంత ముఖ్యమైన పనులు కావడానికి కారణం ఇదే.

పట్టణంలో ప్రమాదం మరో రూపంలో ఉంటుంది. నల్లా పైపు మురికి కాలువ పక్క నుంచో, ఒక్కోచోట దాని లోపల నుంచో పోతుంది. నీళ్లు వదిలిన గంటల్లో పైపులో ఒత్తిడి ఉంటుంది కాబట్టి చిల్లు నుంచి నీరు బయటికి కారుతుంది. నీళ్లు ఆపేశాక ఒత్తిడి పడిపోయి, అదే చిల్లు నుంచి మురుగు లోపలికి పీల్చుకుపోతుంది. మరుసటిసారి నల్లా తిప్పగానే మొదట వచ్చేది ఆ నీరే. ట్యాంకు దగ్గర క్లోరిన్ కలిపి ఊరుకుంటే చాలదు, వీధి చివరి నల్లా దగ్గర కూడా లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలని ప్రమాణం పెట్టింది ఇలాంటి దారులను దృష్టిలో పెట్టుకునే. 2023 జూలైలో భూపాలపల్లి జిల్లా మోరంచపల్లిని వాగు ముంచెత్తినంతటి వరద వచ్చినప్పుడు బావులు, బోర్లు, పైపులు, కాలువలు అన్నీ ఏకమవుతాయి. ఆ తర్వాత కొన్ని వారాల పాటు కాచి చల్లార్చిన నీళ్లే తాగాలి.

గాలి ద్వారా పాకే రోగాల్లో తట్టును మించింది లేదు. రోగనిరోధక శక్తి లేని జనంలో ఒక్క తట్టు రోగి సగటున 12 నుంచి 18 మందికి అంటించగలడు. రోగి గదిలోంచి వెళ్లిపోయిన రెండు గంటల వరకూ వైరస్ ఆ గాలిలో ఉంటుంది. క్షయ అంత వేగంగా పాకదు, కానీ కిటికీలు మూసిన ఇరుకు గదిలో రోజుల తరబడి కలిసి ఉండేవారికి అంటుతుంది. క్షయ క్రిమి లోపలికి పోయిన పది మందిలో తొమ్మిది మందికి జీవితాంతం రోగం బయటపడదు. శరీరం దాన్ని చంపలేకపోయినా చుట్టూ కణాలతో గోడ కట్టి బంధించి ఉంచుతుంది. చక్కెర వ్యాధి, తిండి లేమి, పొగ, హెచ్‌ఐవీ వంటివి ఆ గోడను బలహీనపరిచినప్పుడే క్రిమి బయటికి వస్తుంది.

ఒళ్లు వేడెక్కేది ఎందుకు

నాటు వేసే కాలంలో కాలికి ముల్లు గుచ్చుకుని చీము పడితే, రెండు మూడు రోజుల్లో గజ్జల్లో బిళ్ళ కట్టడం మన ఊళ్లలో అందరికీ తెలిసిన సంగతే. ఆ బిళ్ళ శోషరస గ్రంథి. రోగ నిరోధక వ్యవస్థ పనితీరు చూడాలంటే అంతకన్నా దగ్గరి ఉదాహరణ లేదు. చర్మం చిట్లిన చోట క్రిములు లోపలికి రాగానే అక్కడి కాపలా కణాలు వాటిని మింగడం మొదలుపెడతాయి, రక్తనాళాలను వెడల్పు చేసే రసాయనాలు వదులుతాయి. అందువల్లే పుండు చుట్టూ ఎరుపు, వేడి, వాపు, నొప్పి. ఈ తొలి పోరు క్రిమి ఏదైనా దాదాపు ఒకేలా, గంటల్లోనే మొదలవుతుంది. అదే సమయంలో డెండ్రైటిక్ కణాలు అనే ఒక రకం కణాలు క్రిమి ముక్కలను పట్టుకుని శోషరస నాళాల గుండా గజ్జల్లోని గ్రంథికి చేరతాయి. అక్కడ టీ, బీ కణాలనే తెల్ల రక్తకణాలు కోట్లాదిగా ఉంటాయి, ఒక్కోటి ఒక్కో ఆకారాన్ని మాత్రమే గుర్తుపట్టగలదు. తెచ్చిన ముక్కకు సరిపోయే ఏ కొద్ది కణాలో దొరికితే, అవి రెండు నాలుగై, నాలుగు ఎనిమిదై వేల రెట్లు పెరుగుతాయి. బిళ్ళ ఉబ్బడానికి కారణం ఈ పెరుగుదలే. బీ కణాలు యాంటీబాడీలను, అంటే క్రిమికి అతుక్కుని దాన్ని అడ్డుకునే ప్రొటీన్లను తయారుచేస్తాయి. టీ కణాల్లో ఒక వర్గం వైరస్ సోకిన మన కణాలనే వెతికి చంపుతుంది. ఈ మొత్తానికి మొదటిసారి సుమారు వారం పడుతుంది.

ఆ వారం గడిచే దాకా శరీరాన్ని నిలబెట్టేది తొలి పోరే, దాని ముఖ్యమైన గుర్తు జ్వరం. క్రిములను ఎదుర్కొంటున్న కణాలు వదిలే రసాయనాలు మెదడులోని హైపోథలామస్‌కు చేరి, ప్రోస్టాగ్లాండిన్ అనే పదార్థం ద్వారా ఒంటి ఉష్ణోగ్రతకు ఉండవలసిన హద్దును పైకి జరుపుతాయి. హద్దు 39 డిగ్రీల సెల్సియస్‌కు పెరిగి, ఒళ్లు ఇంకా 37 దగ్గరే ఉన్నప్పుడు మెదడుకు ఒళ్లు చల్లగా ఉన్నట్టే లెక్క. అందుకే కండరాలు వణికి వేడి పుట్టిస్తాయి, రెండు దుప్పట్లు కప్పినా చలి పోదు. హద్దు మళ్లీ కిందికి దిగినప్పుడు ఒళ్లంతా చెమట పడుతుంది. పారాసిటమాల్ ఆ ప్రోస్టాగ్లాండిన్ తయారీని అడ్డుకుంటుంది, అంతే. అది రోగి బాధ తగ్గిస్తుంది, కానీ ఒక్క క్రిమిని కూడా చంపదు. మాత్ర వేసుకున్న గంటకు జ్వరం దిగి, నాలుగైదు గంటలకు మళ్లీ వచ్చిందంటే మందు పనిచేయలేదని కాదు, పోరు ఇంకా నడుస్తోందని.

ఈ సంగతి తెలియక రోగులూ, ఊళ్లలో వైద్యం చేసే ఆర్‌ఎంపీలూ ఇద్దరూ తొందరపడతారు. మొదటి రోజే యాంటీబయాటిక్ సూది, ఒక సెలైన్ సీసా, ఒళ్లునొప్పులకు డైక్లోఫినాక్ ఇంజెక్షన్. యాంటీబయాటిక్ బ్యాక్టీరియాను చంపుతుంది, డెంగీ లాంటి వైరస్ మీద దానికి ఎలాంటి పట్టూ లేదు. డైక్లోఫినాక్, ఐబుప్రోఫెన్, ఆస్పిరిన్ వంటివి డెంగీలో రక్తస్రావాన్ని పెంచుతాయి. అవి చేయగల కీడు వృథా అయిన యాంటీబయాటిక్ కన్నా ఎక్కువ. అర్ధరాత్రి పిలిస్తే వచ్చేది ఆ ఆర్‌ఎంపీ ఒక్కడే అయినప్పుడు ఆయన్ని తప్పుపట్టి ఊరుకోవడం న్యాయం కాదు. ఈ ఒక్క డైక్లోఫినాక్ సూది వాడకూడదన్న మాట ఆయనకు చేరేలా చూడటం అంతకన్నా మేలు.

పరీక్షల్లో కూడా రోజుల లెక్కే కీలకం. ఎన్ఎస్1 అనేది డెంగీ వైరస్‌కు చెందిన ప్రొటీన్, కాబట్టి జ్వరం వచ్చిన మొదటి రోజు నుంచి ఐదో రోజు దాకా దాన్ని వెతకాలి. ఐజీఎం మన శరీరం తయారుచేసే యాంటీబాడీ. నాలుగైదు రోజులు గడవనిదే అది కనిపించదు. రెండో రోజున ఐజీఎం నెగెటివ్ వచ్చిందని డెంగీ లేదనుకోవడం, ఎనిమిదో రోజున ఎన్ఎస్1 నెగెటివ్ వచ్చిందని ధైర్యపడటం రెండూ తప్పే. టైఫాయిడ్‌కు మన దగ్గర విరివిగా చేసే వైడల్ పరీక్ష మరీ మోసపూరితమైనది. ఎప్పుడో సోకిన టైఫాయిడ్‌కో, వేసుకున్న టీకాకో, మరో జ్వరానికో పుట్టిన యాంటీబాడీలు కూడా దానిలో పాజిటివ్ చూపగలవు. ఒక్క వైడల్ కాగితం మీద ఆధారపడి పద్నాలుగు రోజుల మందులు మింగినవారు ఎందరో ఉన్నారు. యాంటీబయాటిక్ మొదలుపెట్టక ముందే తీసిన రక్తాన్ని కల్చర్ (అందులోని క్రిమిని పెంచి చూసే పరీక్ష) చేయించడమే నమ్మదగిన దారి.

జ్ఞాపకం మేలు చేసేదెప్పుడు, కీడు చేసేదెప్పుడు

పోరు ముగిశాక ఆ టీ, బీ కణాల్లో చాలా భాగం చచ్చిపోతాయి, కొన్ని మాత్రం జ్ఞాపక కణాలుగా మిగులుతాయి. ఎముక మూలుగలో స్థిరపడిన కొన్ని కణాలు ఏళ్ల తరబడి యాంటీబాడీలను వదులుతూనే ఉంటాయి. మశూచి ఊరిని తుడిచిపెట్టే రోజుల్లో, ఒకసారి ఆ రోగం నుంచి బతికి బయటపడి ముఖాన మచ్చలున్నవారే నిర్భయంగా రోగుల దగ్గర కూర్చోగలిగేవారు. ఆ జ్ఞాపకాన్ని రోగం లేకుండానే ఇచ్చిన టీకా వల్ల భారతదేశంలో 1975లో మశూచి ఆఖరి కేసు నమోదైంది, 1980లో ప్రపంచమంతటా అది అంతరించినట్టు ప్రకటించారు. తట్టు దీనికి తలకిందులుగా మరో పని చేస్తుంది: అది జ్ఞాపక కణాలనే పట్టుకుంటుంది. టీకా వేయించుకోకుండా తట్టు సోకిన పిల్లల్లో, అంతకు ముందు ఇతర క్రిముల మీద ఉన్న యాంటీబాడీల వైవిధ్యంలో 11 నుంచి 73 శాతం దాకా చెరిగిపోయినట్టు 2019లో తేలింది. తట్టు తగ్గిన పిల్లలు ఆ తర్వాత నెలల పాటు న్యుమోనియాలు, విరేచనాలతో మంచాన పడటానికి కారణం అక్కడుంది.

డెంగీ దగ్గరికి వచ్చేసరికి జ్ఞాపకమే ఎదురు తిరుగుతుంది. డెంగీ వైరస్‌లో నాలుగు రకాలున్నాయి. ఒకటో రకం సోకినవారికి దాని నుంచి దాదాపు జీవితాంతం రక్షణ ఉంటుంది, మిగతా మూడింటి నుంచి ఉండేది కొన్ని నెలలే. ఆ తర్వాత రెండో రకం వైరస్ వస్తే, పాత యాంటీబాడీలు దానికి అతుక్కుంటాయి కానీ దాన్ని నిర్వీర్యం చేయలేవు. యాంటీబాడీ అతుక్కున్న దేన్నైనా లోపలికి లాక్కుని మింగడం కాపలా కణాల అలవాటు. లోపలికి వెళ్లిన వైరస్ చావకపోగా ఆ కణంలోనే పెరుగుతుంది. ఇంటి కాపలాదారే దొంగకు తలుపు తీసినట్టు అవుతుంది. క్యూబాలో 1977లో ఒకటో రకం డెంగీ వ్యాపించి పెద్దగా హాని లేకుండా పోయింది. 1981లో రెండో రకం వచ్చినప్పుడు 3.44 లక్షల కేసులు, 158 మరణాలు నమోదయ్యాయి. తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు సన్నగిల్లే 6 నుంచి 9 నెలల వయసులో పసిపిల్లలకు మొదటి డెంగీయే ప్రమాదకరంగా మారడం కూడా ఈ కోవలోదే. రెండోసారి సోకిన ప్రతివారికీ ఇలా జరగదు, చాలామంది మామూలుగానే కోలుకుంటారు. డెంగీ టీకా తయారీ ఇన్నేళ్లు సాగడానికి మాత్రం ఇదే అడ్డంకి: నాలుగు రకాలనూ ఒకేసారి, సమానంగా ఎదుర్కోలేని టీకా ఉపకారానికి బదులు అపకారం చేయగలదు. డెంగ్వాక్సియా అనే టీకా, అంతకు ముందు డెంగీ సోకని పిల్లల్లో తీవ్రమైన రోగానికి దారితీయగలదని 2017లో దాని తయారీదారే ప్రకటించింది. నాలుగు రకాల వైరస్‌నూ ఎదుర్కొనేలా మన దేశంలో రూపొందిన ఒక టీకా మీద మూడో దశ పరీక్షలు 2024 ఆగస్టులో మొదలయ్యాయి.

తీవ్రమైన డెంగీలో ప్రాణం మీదికి తెచ్చేది వైరస్ కన్నా ఎక్కువగా ఈ అదుపు తప్పిన పోరు. కాపలా కణాలు వదిలే రసాయనాలు, వైరస్ వదిలే ఎన్ఎస్1 కలిసి సన్నటి రక్తనాళాల గోడలను వదులు చేస్తాయి. రక్తంలోని నీటి భాగం పొట్టలోకి, ఊపిరితిత్తుల చుట్టూ ఊరుతుంది, నాళాల్లో మిగిలిన రక్తం చిక్కబడుతుంది, రక్తపోటు పడిపోతుంది. ఇది జరిగేది సాధారణంగా మూడో రోజుకూ ఏడో రోజుకూ మధ్య, సరిగ్గా జ్వరం దిగే సమయంలో, 24 నుంచి 48 గంటల పాటు. ఇంట్లోవాళ్లు జ్వరం తగ్గిందని ఊపిరి పీల్చుకునే పూటే రోగి కడుపు నొప్పి అంటాడు, తాగిన నీళ్లు కక్కుతాడు, చిగుళ్ల నుంచి రక్తం వస్తుంది, మత్తుగానో చిరాకుగానో ఉంటాడు, చేతులు కాళ్లు చల్లబడతాయి, మూత్రం తగ్గుతుంది. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా పొద్దు తెల్లవారే దాకా ఆగకూడదు.

జనమంతా ప్లేట్‌లెట్ల అంకె పట్టుకుని కూర్చుంటారు కానీ, ఆ రెండు రోజుల్లో అంతకన్నా ముఖ్యంగా చూడవలసింది రక్తపోటు, మూత్రం, రిపోర్టులో పీసీవీ లేదా హెమటోక్రిట్ అని ఉండే అంకె, అంటే రక్తంలో ఎర్రకణాల వంతు. అది ముందున్న దానికన్నా 20 శాతం పెరిగిందంటే నాళాల నుంచి నీరు కారిపోతోందని అర్థం. రక్తస్రావం లేనివారికి ప్లేట్‌లెట్లు 10,000 కన్నా తగ్గితే తప్ప ఎక్కించనక్కర్లేదని జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. కోలుకునే దశ మొదలవగానే అవి తమంతట తామే పెరుగుతాయి, ఆ ఘనత ఆ పూట తాగిన బొప్పాయి ఆకు రసానికి పోతుంది. సెలైన్ విషయంలోనూ కొలత తప్పకూడదు. కారిపోయే వేళ తక్కువైతే ప్రమాదం, కారిపోయిన నీరు మళ్లీ నాళాల్లోకి తిరిగివచ్చే ఆరో, ఏడో రోజు వేళ ఎక్కువైతే ఊపిరితిత్తుల్లో నీరు చేరి మరో ప్రమాదం.

డెంగీ వచ్చి తగ్గినవారు ఆ ఎన్ఎస్1 రిపోర్టును తేదీతో సహా ఆధార్ కార్డుతో పాటు దాచుకోవాలి. రెండోసారి సోకినప్పుడు పాత జ్ఞాపకం వల్ల ఐజీజీ అనే మరో రకం యాంటీబాడీ తొలి రోజుల్లోనే ఎగసి, ఐజీఎం తక్కువగా వస్తుంది, ఒక్కోసారి అసలు కనిపించదు. ఒక్క ఐజీఎం చూసి డెంగీ కాదని తేల్చే ప్రమాదం అప్పుడే ఎక్కువ. ఆ పాత కాగితం చేతిలో ఉన్న డాక్టర్, నాలుగో రోజున జ్వరం దిగినా రోగిని ఇంటికి పంపకుండా, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి పీసీవీ చూడమని కేస్ షీట్‌లో రాస్తారు.